విత్తనపు సంచి వెనుకనున్న చట్టము

మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు చినుకులు పడిన పిదప జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బజారులలో విత్తనపు దుకాణముల ముందు నిలువ చోటుండదు. చెలక గలవారు పత్తి విత్తనమును, కాలువ క్రింద పొలము గలవారు సన్నరకపు వరి విత్తనమును అడుగుదురు. పత్తి సంచి మీద ‘బీటీ’ యను రెండక్షరములు కనబడును. ఆ రెండక్షరములకు ఎవరి యనుమతి కావలెనో, ఆ యనుమతి లేని విత్తనము కొన్నవాని గతి యేమో తెలిసికొనుట నేటి ప్రసంగ విషయము.

బాసిల్లస్ తురింజియెన్సిస్ అను సూక్ష్మజీవి నేలలో సహజముగా నుండును. దాని పేరునకు పొట్టి రూపమే బీటీ. ఈ జీవి యొక మాంసకృత్తును తయారుచేయును. కాయతొలుచు పురుగు దానిని తిన్నచో, క్షారగుణము గల ఆ పురుగు ప్రేగులో అది కరిగి, ప్రేగు గోడకు రంధ్రములు చేయును, పురుగు చచ్చును. ఆ మాంసకృత్తును చేయు జన్యువును పత్తి మొక్కలో చేర్చుటచే మొక్కయే తన మందును తాను తయారుచేసికొనుచున్నది. అయితే పచ్చదోమ, పేనుబంక వంటి రసము పీల్చు పురుగులు దీనికి లొంగవు. బీటీ వేసితిమి గనుక ఇక ఏ మందును అక్కరలేదనుకొనుట పొరపాటు. సిరిసిల్ల మరమగ్గములపై నేయు నూలు మాటయేమని ఎవరైన అడుగవచ్చును. దూది దాదాపు అంతయు సెల్యులోజే కనుక బట్టను గూర్చి శంక అక్కరలేదు.

1984లో జరిగిన భోపాల్ దుర్ఘటన తరువాత, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చినది. జన్యుమార్పిడి జీవులను గూర్చిన నియమములు ఆ చట్టము క్రిందనే 1989 డిసెంబరులో వెలువడినవి. వీని ప్రకారము, క్రొత్త మొక్కను సృష్టించిన సంస్థలోని భద్రతా సంఘము మొదట చూడవలెను. పిదప కేంద్ర బయోటెక్నాలజీ శాఖలోని సమీక్షా సంఘము చూడవలెను. కట్టుదిట్టముల నడుమ పొలములో పరీక్షించిన తరువాత, పర్యావరణ శాఖలోని జన్యు ఇంజనీరింగు సంఘము తుది పరిశీలన జరుపును. ఇవన్నియు మనకు దూరపు మాటలు. కాని ఆ నియమములలోనే జిల్లా సంఘమొకటి కలదు. దానికి అధ్యక్షుడు కలెక్టరు. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరు జిల్లాలైనవి గనుక, ఒకప్పుడు కరీంనగరులో నున్న ఆ బాధ్యత ఇప్పుడు మన వాకిటికి వచ్చినది.

ఈ చట్టము కాగితముపైననే ఉండిపోయినదని చెప్పుట న్యాయము కాదు. 2002 మార్చి 26న మూడు బీటీ పత్తి సంకరములకు మూడేండ్ల యనుమతి లభించినది. గడువు ముగిసిన పిమ్మట, 2005లో, ఆ మూడింటిని ఆంధ్రప్రదేశములో సాగుచేయుటకు కేంద్ర సంఘము మరల అనుమతింపలేదు. మరుసటి యేడు మన ప్రభుత్వమే విత్తనపు ధరపై గుత్తవ్యాపార నియంత్రణ కమీషనును ఆశ్రయించగా, పదహారు వందల రూపాయలకు పైగా పలికిన 450 గ్రాముల సంచి 750 రూపాయలకు దిగినది. దేశమంతటను రైతు దాని ఫలము ననుభవించెను. 2010 జనవరిలో బీటీ వంకాయపై హైదరాబాదులో బహిరంగ విచారణ జరిగినది. ఫిబ్రవరి 9న దానిని నిలిపివేసిరి.

మరి చట్టము జారిపోయినదెక్కడ? బీటీ సంచితోపాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనమును ఇచ్చెడివారు. దానిని చేను చుట్టును అయిదు వరుసలు గాని, అయిదవ వంతు నేలలో గాని, ఏది యెక్కువయైన అది, వేయవలెనని నియమము. విషమునకు తట్టుకొను గులాబీరంగు పురుగు ఎక్కడనో ఒకటి పుట్టును. ఆ మామూలు మొక్కలపై పెరిగిన పురుగుతో అది జతకూడినచో సంతానమునకు ఆ శక్తి సన్నగిల్లును. ఇది తెలియక చాలమంది ఆ చిన్న పొట్లమును పారవేసిరి. తెలియజెప్పవలసినవారు చెప్పనూలేదు. నేడు గులాబీరంగు పురుగు రెండు జన్యువులు గల బీటీ పత్తిని సైతము తినుచున్నది.

ఇంతకంటె పెద్ద చిక్కు, కలుపుమందుకు చావని పత్తి. దీనికి మన దేశములో అనుమతి లేదు. అయినను ‘బీజీ-3’ అను పేరుతో చాటుగా అమ్ముచున్నారు. కలుపు తీయు ఆడకూలీలు దొరకక, కూలి భారమై విసిగిన రైతు దానివైపు చూచుట వింత కాదు. అతనిని నిందించి ప్రయోజనము లేదు. కాని దాని సంచిపై నమ్మదగిన పేరుండదు, రశీదుండదు. మొలకెత్తకపోయినను, కాయపట్టకపోయినను పరిహారము ఎవరి నడుగగలడు? ప్రక్క చేనుపైకి ఆ మందు గాలికి కొట్టుకొనిపోయి మామూలు పత్తి మాడినచో ఇరుగుపొరుగుల తగవు కూడ వచ్చును. 2017లో కేంద్రము దీనిపై విచారణ సంఘమును వేసినది. 2018లో తెలంగాణ ప్రభుత్వము సాగుకాలమున గ్లైఫోసేట్ అమ్మకమును కట్టడి చేసినది. 2022 అక్టోబరులో కేంద్రము దాని వాడుకను శిక్షణ పొందిన పురుగునివారకులకే పరిమితము చేసినది.

ఇక వరి మాట. జగిత్యాల చెంతనున్న పొలాస పరిశోధన కేంద్రము జగిత్యాల సన్నాల వంటి రకములను సంకరపద్ధతిని రూపొందించినది. అట్టివాటికి ఈ నియమములు వర్తింపవు. కాని 2025 మే 4న ప్రకటింపబడిన ‘కమల’ యను వరి వేరు విధమైనది. రాజేంద్రనగరులోని భారత వరి పరిశోధన సంస్థ, సాంబమసూరిలోని జన్యువునే ఒకచోట సవరించి దీనిని చేసినది. పరాయి జన్యువేదియు లేదు. పంట సుమారు ఇరువది దినములు ముందుగా కోతకు వచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అట్లైన చివరి తడికి ఎదురుచూచు కాలువ క్రింది రైతునకు అది చిన్న మేలు కాదు. ఇట్టి సవరణలకు 2022 మార్చి 30న 1989 నాటి నియమములలోని ముఖ్య నిబంధనల నుండి మినహాయింపు నిచ్చిరి. దానికి కారణము లేకపోలేదు. అయినను విత్తనపు సంచిపై ‘సవరించినది’ యను మాట స్పష్టముగా నుండవలెనని మా యభిప్రాయము.

2024 జులై 23న జన్యుమార్పిడి ఆవాల వ్యాజ్యములో సుప్రీముకోర్టు న్యాయమూర్తులిద్దరును తీర్పున విభేదించిరి. కాని రైతులతో సహా అందరిని సంప్రదించి జాతీయ విధానమును రూపొందింపవలెనను విషయమున ఏకీభవించిరి. ఆ విధానము సంగతి యెట్లున్నను, ఈ కార్తెలో విత్తనము కొన్నవారు రశీదును, ఖాళీ సంచిని, అందులో పిడికెడు విత్తనమును చివరి ఏరుడు ముగియువరకు ఇంట భద్రపరుచుకొందురు గాక. ఫిర్యాదు చేయవలసి వచ్చినచో మండల వ్యవసాయాధికారి మొదట చూపుమని అడుగునవి అవియే.