చదువరాని మందుచీటీ

అమలాపురములోనో, కొత్తపేటలోనో వైద్యునికి చూపించుకొని, ప్రొద్దుగ్రుంకువేళకు పడవ దాటి లంకలోని ఇల్లు చేరిన రోగి చేతిలో మిగులునవి రెండే: మందుల పొట్లము, మందుచీటీ. పొట్లములో ఉన్నది చీటీలో వ్రాసినదేనా యని ఆ ఇంటిలో ఎవరును చెప్పజాలరు. గోదావరికి వరద వచ్చినపుడు తిరిగి వెళ్లి అడుగుటకైనను వీలుండదు. డాక్టర్ల వ్రాతను గూర్చి అరుగులపై కూర్చుండి నవ్వుకొనుట మనకు అలవాటు. కాని ఇది నవ్వి విడువదగిన విషయము కాదు.

ఇంగ్లండులో జరిగిన ఒక కేసును చూడుడు. అచటి వైద్యుడొకరు ఛాతీ జబ్బుకు 'అమోక్సిల్' అని వ్రాయగా, దుకాణములోని ఫార్మసిస్టు దానిని 'డయోనిల్' అని చదివి ఇచ్చెను. మొదటిది సూక్ష్మజీవులను చంపునది. రెండవది మధుమేహ రోగులకు రక్తములోని చక్కెరను తగ్గించునది. మధుమేహము లేని ఆ రోగికి చక్కెర మితిమీరి పడిపోయి, మెదడు శాశ్వతముగ దెబ్బతినెను. 1989లో అచటి అప్పీలు న్యాయస్థానము ఇరువురి బాధ్యతను ఖాయపరచినది: వైద్యునిది నూటికి 25 వంతులు, మందు ఇచ్చినవానిది 75 వంతులు. చీటీలోని మోతాదు డయోనిల్‌కు పొసగనిది గనుక, దానిని చూచినంతనే ఫార్మసిస్టుకు సందేహము కలుగవలసినది, వైద్యుని అడుగవలసినది.

పేర్లకన్న అంకెలు మరింత అపాయకరములు. ఇన్సులిన్ 4 యూనిట్లని వ్రాయుటకు బదులు, 4 ప్రక్కన 'యు' అను ఆంగ్లాక్షరమును గిలికినచో అది సున్నవలె కనబడి 40 కావచ్చును. 1.0 లోని చుక్క చెరిగినచో 10 అగును. కీళ్లవాతమునకు వారమునకొకసారి వాడవలసిన మెథోట్రెక్సేట్‌ను పొరపాటున ప్రతిదినము మ్రింగి ప్రాణములు కోల్పోయినవారును కలరు.

మన దేశములో ఈ విషయమును న్యాయస్థానమునకు తీసికొనిపోయినవారిలో తెలుగువారొకరున్నారు. నల్గొండ ప్రాంతపు ఫార్మసిస్టు చిలుకూరి పరమాత్మ 2014లో హైదరాబాదు హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యము వేసిరి. 2016లో నాటి భారత వైద్య మండలి తన నియమమును సవరించి, మందు యొక్క జెనెరిక్ నామమును స్పష్టముగ, వీలైనంతవరకు ఆంగ్లపు పెద్ద అక్షరములలో వ్రాయవలెనని నిర్దేశించినది. 2025 ఆగస్టులో పంజాబు, హర్యానా హైకోర్టు చదువదగిన మందుచీటీ పొందుట రాజ్యాంగము 21వ అధికరణము క్రింద హక్కేయని చెప్పినది.

జెనెరిక్ నామమనగా కంపెనీ పెట్టిన పేరు కాక, మందు అసలు పేరు. గల్ఫ్ దేశములనుండి సెలవుపై వచ్చు మన కోనసీమవారికి దీని విలువ తెలియును. కువైట్‌లో వాడిన కంపెనీ పేరు రాజోలు దుకాణములో ఉండకపోవచ్చును. అసలు పేరున్నచో అదే మందు దొరకును.

పంచాయతీకి ఇందులో పనియేమని కొందరనవచ్చును. ఆస్పత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు సహా ఆరోగ్యము రాజ్యాంగపు 11వ షెడ్యూలులో 23వ అంశము. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ కూడినపుడు ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను ఒక మాట అడుగుడు: ఈ నెలలో మీరు చదువలేకపోయిన చీటీలు ఎన్ని? అట్టివి ఉన్నచో వైద్యాధికారి దృష్టికి మర్యాదగా తీసికొనిపోవలెను. ఉదయమునుండి బారులు తీరిన రోగులను చూచు వైద్యుని చేయి తొందరపడుటలో వింతలేదు; తగవులాడి ప్రయోజనము లేదు.

రోగులకు మాత్రము ఇంతవరకు చెప్పవచ్చును. ఏ మందు దేనికి, రోజుకు ఎన్నిసార్లు, ఎన్నాళ్లు అని వైద్యుని ఎదుటనే అడిగి, చీటీ ప్రక్కన తెలుగులో వ్రాయించుకొనవలెను. మాత్రల షీటుపైని పేరును చీటీతో పోల్చి చూపుమని దుకాణములో అడుగవలెను. 1948 నాటి ఫార్మసీ చట్టము ప్రకారము చీటీపై మందు ఇచ్చు అధికారము రిజిస్టరైన ఫార్మసిస్టుదే. ఆయన లేనపుడు కుర్రవాడు ఊహించి ఇచ్చునది పుచ్చుకొనరాదు. పాత చీటీలను పారవేయక ఒక ప్లాస్టిక్ సంచిలో ఉంచి, వరదవేళ ఇల్లు విడువవలసివచ్చినచో మందులతోబాటు వెంట తీసికొనిపోవలెను.