గోలు కాచువానిని మార్పవలెనా?

నేను ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనై యున్న దినములలో, ఒకనాటి సాయంకాలము మా ఫుట్‌బాలు జట్టు నాయకుడు మరి నలుగురు బాలురను వెంటబెట్టుకొని నా గదికి వచ్చెను. “అయ్యా, మన గోల్ కీపరును మార్పింపవలెను. రెండు ఆటలలో ఏడు గోలులు విడిచినాడు. శనివారము కూడ అతడే నిలిచినచో మనకు ఓటమి తప్పదు” అని విన్నవించెను.

ఆ గోల్ కీపరు పదవ తరగతి విద్యార్థి. అంతకు ముందటి సంవత్సరము అతని చేతి చలువవలననే మా పాఠశాలకు జిల్లా పోటీలలో బహుమానము లభించినది. “నిరుటి మేలు అప్పుడే మరచితిరా?” అని నేనడిగితిని. “మరువలేదండీ. కాని మేలు తలచుకొన్నంత మాత్రమున గోలు ఆగదు గదా!” అని నాయకుడు బదులు చెప్పెను. నాకు వెంటనే జవాబు తోచలేదు. “రెండు దినములు ఆగుడు” అని చెప్పి వారిని పంపివేసితిని.

విద్యార్థులారా! మా పాఠశాల ఆటస్థలములో పుట్టిన ఈ ప్రశ్నయే ప్రపంచపు పోటీలలో పేరుమోసిన శిక్షకులకును నిద్ర పట్టనీయదు. ఆటలో తడబడుచున్న గోల్ కీపరును ఉంచవలెనా, మార్పవలెనా? దీనికి సమాధానము వెదకుటకు ముందు, అతడు చేయు పని ఎట్టిదో తెలిసికొనవలెను.

ఫుట్‌బాలు జట్టులో పదునొకండుగురు ఉందురు. వారిలో గోల్ కీపరు ఒక్కడే తన హద్దులలో బంతిని చేతులతో పట్టదగినవాడు. అతడు కాపాడవలసిన ద్వారము వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. ముందు వరుసలోని ఆటగాడు పదిసార్లు గురి తప్పి, పదునొకండవసారి గోలు చేసినచో అందరును చప్పట్లు కొట్టుదురు. గోల్ కీపరు పది బంతులను ఆపి, పదునొకండవదానిని విడిచినచో ఆ విడిచినదే అందరికిని జ్ఞాపకముండును. అతని వెనుక దిద్దుటకు మరియొకడు లేడు.

ఇతర ఆటగాడు వెనుకబడినచో అతనిని వేరొక తావునకు మార్పవచ్చును. లేదా చివరి పావుగంటలో మాత్రమే దింపవచ్చును. గోల్ కీపరు విషయమున అట్టి నడిమి మార్గము లేదు. స్థానము ఒక్కటి, ఉన్నచో ఉన్నట్లు, లేనిచో లేనట్లు. పైగా అతని బలములో సగము ధైర్యమే. ఎదుటివాడు బంతితో దూసుకొని వచ్చునపుడు ముందుకు దుముకవలెనా, గీతమీదనే నిలువవలెనా అని కనురెప్పపాటులో నిర్ణయించుకొనవలెను. మనసులో అనుమానము చొరబడినచో కాలు ఒక్క అడుగు ఆలస్యమగును. అతనిమీద నమ్మకము సడలినచో రక్షణ వరుసలోని ఆటగాండ్రును భయపడి వెనుకకు జరుగుదురు. అందుచేత అతనిని తొందరపడి మార్చినను చేటే. మొగమాటముచేత మార్పకున్నను చేటే.

ఒకే మనుష్యుని విషయమున ఒకే శిక్షకుడు చేసిన నిర్ణయము రెండు విధములుగా పరిణమించిన కథ వినుడు. 2010 సంవత్సరమున దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచకప్పు పోటీలలో స్పెయిను జట్టు మొదటి ఆటలోనే స్విట్జర్లాండు చేతిలో 0-1 గోలుతో ఓడిపోయెను. జట్టు నాయకుడును గోల్ కీపరును అయిన ఐకర్ కసియాస్ మీద ఆక్షేపణలు వచ్చెను. శిక్షకుడు విసెంతె దెల్ బోస్క్ అతనిని మార్పలేదు. తరువాత పరాగ్వేతో జరిగిన ఆటలో కసియాస్ ఒక పెనాల్టీని ఆపెను. జులై 11న నెదర్లాండ్సుతో జరిగిన తుది ఆటలో ఆర్యెన్ రొబెన్ ఒంటరిగా గోలుమీదికి దూసుకొని రాగా, కసియాస్ నేలకు ఒరుగుచునే పాదముతో బంతిని మళ్లించెను. స్పెయిను 1-0 గోలుతో గెలిచి మొదటిసారి ప్రపంచకప్పును అందుకొనెను.

నాలుగు సంవత్సరములు గడచెను. 2014లో బ్రెజిలులో జరిగిన పోటీలలో అదే నెదర్లాండ్సు మొదటి ఆటలోనే స్పెయినును 5-1 గోలులతో ఓడించెను. కసియాస్ తన కాళ్లయొద్దకు వచ్చిన బంతిని సరిగా నిలుపుకొనలేక ఒక గోలు పోగొట్టెను. దెల్ బోస్క్ ఈసారియు అతనినే నమ్మెను. రెండవ ఆటలో చిలీ కొట్టిన బంతిని కసియాస్ పిడికిళ్లతో నెట్టగా, అది ఎదుటి ఆటగాని ముందే పడెను. అతడు దానిని గోలు చేసెను. స్పెయిను 0-2 గోలులతో ఓడి పోటీనుండి వెడలిపోయెను. మూడవ ఆటలో పెపె రేనా గోలు కాచెను. స్పెయిను గెలిచెను గాని, అప్పటికి ఆ గెలుపువలన ప్రయోజనము లేకపోయెను.

మొదటిసారి దెల్ బోస్క్ బుద్ధిమంతుడు, రెండవసారి అవివేకి అని చెప్పవచ్చునా? ఫలితమును చూచిన తరువాత తీర్పు చెప్పుట సులభము. కాని ఫలితమునకు ముందే కనబడెడి తేడా ఒకటి కలదు. 2014కు ముందటి ఆటల కాలములో కసియాస్ తన క్లబ్బు తరఫున లీగు ఆటలలో మిక్కిలి తక్కువగా ఆడియుండెను. ఆ ఆటలలో గోలువద్ద వేరొకడు నిలుచుచుండెను. వాడని కత్తికి తుప్పు పట్టునట్లు, నిత్యము ఆడని గోల్ కీపరుకు అంచనా తప్పును. పూర్వపు కీర్తి గౌరవింపదగినదే; అయినను అది నేటి బంతిని ఆపదు. మరియొక మాట కూడ చెప్పుట న్యాయము: ఆ అయిదు గోలులలో రక్షణ వరుస వారి పాలును కలదు. కావున విడిచిన గోలుల సంఖ్యను గాక, ఒక్కొక్క గోలు ఎట్లు వచ్చినదో చూడవలెను.

తప్పునకు కారణము కంటికి కనబడకుండుటయు కలదు. 2018 మే 26న కీవ్ నగరములో యూరోపు క్లబ్బుల తుది ఆట జరిగెను. లివర్‌పూలు గోల్ కీపరు లోరిస్ కారియస్ బంతిని విసరుచుండగా అది ఎదుటి ఆటగాని కాలికి తగిలి గోలులోనికి దొర్లిపోయెను. తరువాత దూరమునుండి వచ్చిన బంతి అతని చేతులలోనుండి జారెను. రియల్ మాడ్రిడు 3-1 గోలులతో గెలిచెను. లోకమంతయు అతనిని పరిహసించెను. కొన్ని దినములకు అమెరికాలోని వైద్యులు అతనిని పరీక్షించి, ఆటలో తలకు తగిలిన దెబ్బవలన మెదడు అదిరినదనియు, ఆ కారణముచేత అతని చూపునకును అంచనాకును భంగము కలిగియుండవచ్చుననియు చెప్పిరి. ఆ వేసవిలోనే లివర్‌పూలు వారు ఆలిసన్ అను బ్రెజిలు ఆటగానిని తెచ్చుకొనిరి. మరుసటి యేడు అదే కప్పును గెలిచిరి. మార్పు వారికి కలిసివచ్చినది, నిజమే. కాని ఆ రాత్రి నవ్వినవారిలో ఒక్కడును ‘వీనికి దెబ్బ తగిలినదేమో’ అని అడుగలేదు.

మార్పు జరిగినంత మాత్రమున తప్పు జరిగినదని తలపరాదు. హైదరాబాదువాసియైన సయ్యద్ అబ్దుల్ రహీం పూర్వము బడిపంతులుగా పనిచేసి, తరువాత భారత ఫుట్‌బాలు జట్టునకు శిక్షకుడైన మహనీయుడు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో మన జట్టునకు ఇద్దరు గోల్ కీపరులుండిరి. ఒకడు హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజు, మంచి పొడగరి; రెండవవాడు ప్రద్యుత్ బర్మన్. తంగరాజు జ్వరపడగా బర్మన్ గోలు కాచెను. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో జరిగిన తుది ఆటకు మాత్రము రహీం తంగరాజునే నిలిపెను. భారతదేశము 2-1 గోలులతో గెలిచి స్వర్ణపతకము పొందెను. బర్మన్ తప్పు చేసినందున తొలగింపబడలేదు; ఆనాటి పనికి ఎవడు తగినవాడను ప్రశ్న ఒక్కటే శిక్షకుని ముందుండెను.

ఇక తొలగింపబడినవాని మాట. 2002 ప్రపంచకప్పులో జర్మనీ గోల్ కీపరు ఓలివర్ కాన్ ఆ పోటీలన్నిటిలో ఉత్తమ ఆటగాడుగా ఎన్నికయ్యెను. 2006లో ఆ పోటీలు తన దేశముననే జరుగనుండగా, శిక్షకుడు యుర్గెన్ క్లిన్స్‌మన్ అతనిని కాదని యెన్స్ లేమన్‌ను ఎన్నుకొనెను. కాన్ మిక్కిలి నొచ్చుకొనెను. అయినను రెండవ స్థానమునకు ఒప్పుకొని జట్టుతోనే ఉండెను. జూన్ 30న బెర్లినులో అర్జెంటీనాతో జరిగిన ఆట సమముగా ముగిసి పెనాల్టీలవరకు వచ్చెను. అప్పుడు కాన్ మైదానములోనికి నడచి వచ్చి, తన స్థానమును పొందిన లేమన్ చేయి పట్టుకొని ధైర్యము చెప్పెను. లేమన్ రెండు పెనాల్టీలను ఆపెను, జర్మనీ గెలిచెను. మూడవ స్థానమునకు జరిగిన ఆటలో శిక్షకుడు కాన్‌ను గోలువద్ద నిలిపెను. అదియే దేశము తరఫున అతని చివరి ఆట.

మా పాఠశాల కథకు మరలుదము. ఆ రెండు సాయంకాలములు నేను గోలు వెనుక నిలుచుండి చూచితిని. దగ్గరనుండి కొట్టిన బంతులను ఆ బాలుడు ఎప్పటివలెనే పట్టుచుండెను. దూరమునుండి వచ్చు బంతికి మాత్రము, అందునను ప్రొద్దు వాలిన తరువాత, ఆలస్యముగా కదలుచుండెను. అతని తరగతి ఉపాధ్యాయుని పిలిచి అడిగితిని. “ఈ మధ్య నల్లబల్లమీది వ్రాత కనబడక ప్రక్కవాని పుస్తకములో చూచి వ్రాసికొనుచున్నాడండీ” అని ఆయన చెప్పెను. ప్రభుత్వ వైద్యశాలకు పంపగా, దూరపుచూపు బాగుగా తగ్గినదని తేలెను. మేమందరము దానికి మూడు వారములపాటు అజాగ్రత్త అని పేరు పెట్టియుంటిమి.

కారణము తెలిసినది, అయినను శనివారము అతనిని నిలుపుటకు వీలులేదు. జట్టు పట్టిక గోడకు అంటించుటకు ముందే అతనిని పిలిచి, సంగతి నేనే చెప్పితిని. బాలుడు కన్నీరు పెట్టుకొనెను. వారము దినములు ఆటస్థలమువైపు రాలేదు. శనివారము తొమ్మిదవ తరగతి బాలుడు గోలు కాచెను. మేము ఒక్క గోలు తేడాతో ఓడితిమి.

మరుసటి వారము కళ్లద్దములు వచ్చినవి. ఒక సాయంకాలము ఆ బాలుడు వచ్చి గోలుస్తంభము వెనుక నిలిచి, “ఇప్పుడు ముందుకు రా! ఇప్పుడు ఆగు!” అని తొమ్మిదవ తరగతి బాలునికి కేకలు వేయుచుండెను. జట్టు నాయకుడు నాయొద్దకు వచ్చి, “అయ్యా, అతనినే ఉంచియున్నచో ఆ ఆట గెలిచియుందుమా?” అని మెల్లగా అడిగెను.

“ఆ సంగతి నాకును తెలియదు నాయనా! అతడు మాత్రము ఇప్పుడు నల్లబల్లమీది వ్రాత చదువుచున్నాడు” అని చెప్పితిని.