ఆక్సీకరణ చెందిన కొవ్వు అంతా విషమేనా?

గానుగ నూనె వీడియో పెట్టినప్పుడల్లా ఒకటే ప్రశ్న వస్తోంది: "అన్నా, నూనె ఆక్సీకరణ అయితే విషమే కదా?" సగం నిజం. మిగతా సగం ఈ రోజు చెప్పుకుందాం.

నువ్వులు, కుసుమ, పొద్దుతిరుగుడు, వేరుశనగ నూనెల్లో లినోలెయిక్ ఆమ్లం ఉంటుంది. ఇది మన ఒంట్లో తయారు కాదు, తిండి నుంచే రావాలి. 1929లో అమెరికాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలకు కొవ్వు లేని మేత పెట్టి చూశారు. చర్మం పొలుసులు పట్టింది, ఎదుగుదల ఆగిపోయింది. లినోలెయిక్ ఆమ్లం ఇస్తే కోలుకున్నాయని తర్వాత తేల్చారు.

ఈ ఆమ్లం 18 కార్బన్ల గొలుసు. లైపాక్సిజనేజ్ అనే ఎంజైమ్ 13వ కార్బన్ దగ్గర ఆక్సిజన్ అతికిస్తే చివరికి 13-హోడ్ తయారవుతుంది. 9వ కార్బన్ దగ్గరైతే 9-హోడ్. వీటికి ఒంట్లో పనులున్నాయి.

మొదటిది చర్మం. పై పొరలోని కొవ్వులో ఉన్న లినోలెయిక్ ఆమ్లాన్ని ఇదే కుటుంబపు ఎంజైమ్ ఆక్సీకరణ చేస్తేనే ఒంట్లో నీరు బయటికి పోకుండా ఆ పొర గట్టిపడుతుంది. ఆ ఎంజైమ్ జన్యువు లోపంతో పుట్టిన పిల్లలకి ఒళ్లంతా పొలుసులు కడుతుంది.

రెండోది కబురు. 9-హోడ్, 13-హోడ్ రెండూ కణంలో పీపార్-గామా అనే స్విచ్‌ని వేస్తాయి. కొవ్వుని ఎలా వాడుకోవాలో కణానికి చెప్పే స్విచ్ అది.

మూడోది మంట. చర్మం వేడెక్కితే ఇవి పుట్టి, మిరపకాయ ఘాటుకి స్పందించే గ్రాహకాన్నే తట్టి లేపుతాయని 2010లో టెక్సాస్ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు.

మన పొలంలోనూ ఇదే కథ. పొద్దుతిరుగుడు గింజ మొలకెత్తేటప్పుడు దాచుకున్న నూనెని వాడుకోవడానికి 13-హోడ్ చేసుకుంటుంది. పురుగు కొరికిన ఆకు లినోలెనిక్ ఆమ్లాన్ని ఆక్సీకరణ చేసి జాస్మోనిక్ ఆమ్లం చేసుకుని, తన రక్షణ మొదలుపెడుతుంది.

మరి తేడా ఎక్కడ? ఒంట్లో ఎంజైమ్ చేసే పనికి చోటు ఉంది, లెక్క ఉంది. మూకుడులో మళ్లీమళ్లీ కాగిన నూనెకి ఆ లెక్క లేదు. అక్కడ గొలుసు ఎక్కడ పడితే అక్కడ తెగి, ఆల్డిహైడ్‌ల లాంటి హానికర పదార్థాలు వస్తాయి. రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వులో కూడా ఈ 9-హోడ్, 13-హోడ్ కనబడతాయి. అంటే అదుపు తప్పితే మంచిదే చెడ్డదవుతుంది.

కాబట్టి 13-హోడ్ పేరు చెప్పి ఎవరైనా నూనె ఎక్కువ తాగమంటే నమ్మకండి. ఒంటికి కావలసినంత అదే చేసుకుంటుంది. "మాది గానుగ నూనె, పాడవదు" అని మనం కూడా అనొద్దు. గానుగ నూనెకీ గాలి, వెలుతురు, వేడి శత్రువులే. ఆడించింది తేరనిచ్చి, మడ్డి తీసి, స్టీలు డబ్బాలోనో ముదురు రంగు గాజు సీసాలోనో నిండా పోసి గట్టిగా మూతపెట్టండి. ఎక్కువ నిల్వ చేయకుండా కొద్దికొద్దిగా ఆడించుకోండి. వేపిన నూనెని మళ్లీ పొయ్యి మీద పెట్టకండి. కొన్నవాళ్లకీ ఈ మాట చెప్పి అమ్మండి, మన మీద నమ్మకం నిలుస్తుంది.

నూనె తేర్చడం, సీసాల్లో నింపడం కింది వీడియోలో చూపించాను. చూసి మీ అనుభవం కూడా రాయండి.