గోధుమ పడని పేగు

పొద్దున్నే చోడి అంబలి, మధ్యాహ్నం అన్నం, రాత్రికీ అన్నమే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఒకప్పటి తిండి ఇది. గోధుమ ఎప్పుడో పండక్కి పూరీగా పలకరించేది. ఇప్పుడో... పొద్దున రవ్వ ఉప్మా, సాయంత్రం బిస్కట్లు, ‘షుగరొచ్చింది’ అనగానే రాత్రికి చపాతీ! చాలామందికి దీంతో చిక్కేమీ లేదు. ఎక్కడో ఒకరికి మాత్రం ఆ చపాతీయే శత్రువు.

గోధుమ, బార్లీల్లో గ్లూటెన్ అనే జిగురు మాంసకృత్తు ఉంటుంది. కొందరి రోగనిరోధక వ్యవస్థకు అది పడదు. దాని మీద చేసే యుద్ధంలో చిన్నపేగు దెబ్బతింటుంది. పోషకాలను పీల్చుకునే చూషకాలు అరిగిపోతాయి. తిన్నది ఒంటపట్టదు. ఇదే సీలియాక్ జబ్బు. వదలని విరేచనాలు, కడుపుబ్బరం, ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా తగ్గని రక్తహీనత, ఎదగని పిల్లలు... ఇవీ లక్షణాలు.

నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విలెం డికేకి గోధుమ మీద ముందునుంచీ అనుమానమే. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ రొట్టె కరవై, ఆ అనుమానం బలపడింది. 1950లో తన పరిశోధన గ్రంథంలో దాన్ని నిరూపించాడు.

మన దగ్గర ఎంతమందికి?
దేశంలో 23 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించిన ఓ అధ్యయనం 2016లో వెలువడింది. ఉత్తరాదిలో వెయ్యికి ఎనిమిది మందికి పైగా ఈ జబ్బు కనిపిస్తే, దక్షిణాదిలో దాదాపు పదివేలకు ఒక్కరే. జబ్బుకు వీలిచ్చే జన్యువులు మాత్రం రెండుచోట్లా ఇంచుమించు సమానమే. పెద్ద తేడా కంచంలోని గోధుమది. అరుదు కాబట్టే ఇక్కడ ఈ జబ్బు తొందరగా తట్టదు.

అసలు భయం
పేగు గోడలో కాపలా కాసే తెల్లరక్తకణాలు ఏళ్ల తరబడి రెచ్చిపోతూ ఉంటే, ఎప్పుడో ఒక కణం అదుపు తప్పుతుంది. అదే పేగు లింఫోమా. సీలియాక్ రోగుల్లోనూ అరుదే, కానీ మొండి క్యాన్సర్. పేగు మూసుకుపోయో, చిల్లు పడో ఆసుపత్రికి పరుగెత్తేదాకా బయటపడకపోవచ్చు. శస్త్రచికిత్స, కీమోథెరపీ చేసినా గట్టెక్కడం కష్టమే. పథ్యం పాటిస్తున్నా మళ్లీ విరేచనాలు, కడుపునొప్పి, బరువు తగ్గడం, జ్వరం, రాత్రిళ్లు చెమటలు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఈ రెండు జిల్లాలకూ దగ్గరే.

ధైర్యం చెప్పే మాటా ఉంది. బ్రిటన్‌లో 210 మంది సీలియాక్ రోగులను గమనించి 1989లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అయిదేళ్లకు మించి గ్లూటెన్‌కు పూర్తిగా దూరంగా ఉన్నవారిలో క్యాన్సర్ ముప్పు మామూలు జనంతో సమానమే. పథ్యమే మందు!

అనుమానముంటే గోధుమ మానేసి కూర్చోకూడదు. మానేస్తే పరీక్షలో జబ్బు దాక్కుంటుంది. ముందు రక్తపరీక్ష, ఆపైన ఎండోస్కోపీతో పేగు ముక్క పరీక్ష. జబ్బు తేలాక మాత్రం జీవితాంతం కచ్చితంగా మానాల్సిందే. ‘పెళ్లిభోజనంలో ఒక్క పూరీ’ కూడా వద్దు.

కనిపించని గోధుమతోనే తంటా. మైదా బోండా, సేమ్యా, బార్లీ మాల్టు కలిపిన పొడులు, చివరికి పొడి ఇంగువలోనూ గోధుమపిండి ఉండొచ్చు. గోధుమలు ఆడిన మరలోనే చోళ్లు పట్టిస్తే ఆ పిండీ పనికిరాదు.

మిగతాదంతా మన వంటింట్లో ఉన్నదే. అన్నం, చోడి అంబలి, సామలు, కొర్రలు, జొన్నరొట్టె... ఉత్తరాది రోగికి ఈ పథ్యం పెద్ద శిక్ష. సిక్కోలు ఇంట్లో అది అమ్మమ్మ నాటి భోజనమే!