నిపోమో గుడారంలోని ఆ తల్లి

1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో ఊరి శివారు గుడారాలతో నిండిపోయింది. బఠాణీ కాయలు కోసే పని ఉందని విని రెండున్నర వేల మందికి పైగా కూలీలు పిల్లాపాపలతో దిగారు. తీరా చూస్తే మంచుకు పంట నాశనమైంది. పని లేదు, చేతిలో డబ్బు లేదు.

పక్కనే 101 హైవే. ఫీల్డు పని ముగించుకుని ఇంటికి వెళుతున్న ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ డొరొథియా లాంగ్ శిబిరం బోర్డు చూసీ ఆగలేదు. ఇరవై మైళ్లు దాటాక మనసొప్పక కారు వెనక్కి తిప్పారు. ఒక గుడారంలో కూర్చున్న తల్లిని పది నిమిషాల్లో పలు కోణాల్లో తీశారు. వాటిలో చివరిదే ‘మైగ్రెంట్ మదర్’గా పేరుపొందిన ఫొటో.

ఆ ఫొటోను తీరిగ్గా చూడండి. ఇద్దరు ఆడపిల్లలు చెరో భుజానికి ఆనుకుని ముఖాలు అటు తిప్పుకున్నారు. ఒళ్లో చంటిబిడ్డ. చెంప దగ్గర పెట్టుకున్న చేతికి చిరిగి పీలికలైన చొక్కా అంచు. వయసు 32. నుదుటి మీద గీతలు మాత్రం యాభై దాటిన మనిషివి.

లాంగ్ ఆమె పేరు అడగలేదు. ఆ కుటుంబం కారు టైర్లు అమ్మి తిండి కొనుక్కుందని తర్వాత రాశారు. అది నిజం కాదని ఆ ఇంటి పిల్లలు ఎప్పుడూ చెబుతూనే వచ్చారు. దారిలో కారు చెడిపోతే మగవాళ్లు బాగుచేయించడానికి ఊళ్లోకి వెళ్లారు. ఫొటో పత్రికలో చూసి సర్కారు 20 వేల పౌండ్ల ఆహారం పంపేసరికి, ఆ కుటుంబం అదే కారులో వేరే ఊరికి వెళ్లిపోయింది.

ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్. నేటి ఓక్లహోమాలో 1903లో పుట్టిన చెరొకీ మహిళ. పదిహేడేళ్లకే పెళ్లి. 1931లో భర్త క్షయతో పోయేనాటికి ఆరో బిడ్డ కడుపులో ఉంది. తర్వాత పుట్టినవారితో కలిపి మొత్తం పదిమంది పిల్లల్ని కన్న తల్లి. తెల్లవారకముందే చేలో దిగి చీకటిపడే దాకా పత్తి తీసేది. నలభై అయిదు కిలోల మనిషి, రోజుకు రెండు క్వింటాళ్లకు పైగా! బేకర్స్‌ఫీల్డ్‌లో వంతెన కింద కూడా కాపురమున్నారు. పిల్లలు పెద్దయ్యాక మోడెస్టోలో ఇల్లు కొనిపెడితే అందులో ఉండలేక మళ్లీ మొబైల్ హోమ్‌కే వెళ్లిపోయింది.

1978లో స్థానిక విలేకరి ఒకాయన వెతికి పట్టుకునే దాకా లోకానికి ఆమె పేరు తెలియదు. ఆ ఫొటో వల్ల తనకు ఒక్క పైసా రాలేదని అప్పుడు కోపంగా చెప్పింది. ఆ కోపం న్యాయమైనదే. 1998లో లాంగ్ సంతకమున్న ఒక ప్రింటు వేలంలో 2,44,500 డాలర్లు పలికింది.

1983లో ఆమె క్యాన్సర్‌తో, పక్షవాతంతో మంచం పట్టినప్పుడు వైద్యానికి డబ్బు చాలక పిల్లలు విరాళాలు కోరారు. సుమారు 35 వేల డాలర్లు, రెండు వేలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. పేదరికానికి గుర్తుగా మిగిలామని అన్నాళ్లూ సిగ్గుపడ్డ పిల్లలు, ఆ ఉత్తరాలు చదివాకే తల్లి ఫొటోను గర్వంగా చూడగలిగారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆమె కన్నుమూసింది.

మోడెస్టో పక్కన హ్యూసన్‌లోని లేక్‌వుడ్ శ్మశానవాటికలో ఆమె సమాధి ఉంది. బే ఏరియా నుంచి యోసెమిటీ చూడబోయే మన తెలుగు కుటుంబాలు మోడెస్టో మీదుగా వెళితే, ఒక్క అరగంట అక్కడ ఆగండి. ఫ్లోరెన్స్ అనే పేరు తలచుకుని రెండు పూలు పెట్టి వెళ్లండి.