మోనార్క్‌లకు ఆ అడవే గొడుగు, ఆ అడవే దుప్పటి

చలికాలంలో మెక్సికోలోని మిచోవకాన్ కొండలు ఎక్కి చూస్తే, కొన్ని ఫర్ చెట్ల నిండా ఎండుటాకులు గుత్తులుగా వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. మబ్బు తొలగి ఎండ పడగానే ఆ ‘ఆకులు’ నారింజరంగు రెక్కలు విప్పుతాయి. అవి మోనార్క్ సీతాకోకచిలుకలు. ఒక్కోదాని బరువు అర గ్రామే. వేల సంఖ్యలో వాలేసరికి ఆ బరువుకు కొమ్మలు కిందికి వంగిపోతాయి.

దక్షిణ కెనడా నుంచి, అమెరికా తూర్పు రాష్ట్రాల నుంచి బయలుదేరే వీటిలో కొన్ని 4,000 కిలోమీటర్లకు పైగా ఎగిరి ఇక్కడికి చేరతాయి. వచ్చినవాటిలో ఒక్కటీ అంతకుముందు ఈ కొండను చూసి ఉండదు. కిందటేడు ఇక్కడి నుంచి వెళ్లినవాటికి ఇవి మనవలో, మునిమనవలో. వేసవిలో పుట్టినవి కొద్ది వారాలే బతికితే, ఈ తరం గుడ్లు పెట్టడం వాయిదా వేసుకుని ఏడెనిమిది నెలలు బతుకుతుంది. స్థానికులకు ఎప్పటినుంచో తెలిసిన ఈ విడిది 1975 జనవరిలో గానీ శాస్త్రలోకం దృష్టికి రాలేదు. కెనడా శాస్త్రవేత్త ఫ్రెడ్ ఉర్‌కార్ట్ తరఫున గాలించిన కెన్ బ్రగర్, కతలీనా అగ్వాడో దాన్ని గుర్తించారు.

చలికి భయపడి వచ్చినప్పుడు, 3,000 మీటర్ల ఎత్తున ఉన్న చల్లటి కొండ ఎందుకు? దిగువన లోయలు వెచ్చగానే ఉంటాయి కదా! కారణం కొవ్వు. దారిలో పూల మకరందం తాగి ఒంట్లో దాచుకున్న కొవ్వే మార్చి దాకా వాటికి ప్రధాన ఆధారం. సీతాకోకచిలుక శీతరక్త జీవి. చుట్టూ గాలి వెచ్చబడితే దాని శరీరంలో రసాయన చర్యలు వేగం అందుకుంటాయి, కొవ్వు త్వరగా ఖర్చవుతుంది. కాబట్టి చల్లగా ఉండాలి, కానీ గడ్డకట్టేంత చలి ఉండకూడదు.

ఆ సన్నటి హద్దును కాపాడేది ఓయమెల్ అనే ఫర్ చెట్టు. అదెలాగో తెలియాలంటే మన ఊళ్లో శీతకాలపు ఉదయాన్ని గుర్తు చేసుకుంటే చాలు. ఆరుబయట నిలిపిన మోటార్‌సైకిల్ సీటు మంచుకు తడిసిపోతుంది. పక్కనే వేపచెట్టు కింద ఉంచినది చాలావరకు పొడిగా ఉంటుంది. నిర్మలమైన ఆకాశం కింద ఉన్న వస్తువు తన వేడిని పరారుణ కిరణాలుగా పైకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కన్నా ఎక్కువ చల్లబడుతుంది. పైన కొమ్మలుంటే అవీ కిందికి వేడిని ప్రసరిస్తాయి కనుక నష్టం తగ్గుతుంది. దీనికి తోడు, పగలు వేడెక్కిన లావాటి మాను రాత్రి ఆ వేడిని మెల్లగా విడుస్తుంది. దాన్ని అంటిపెట్టుకున్న మోనార్క్‌లకు అది కుంపటి లాంటిది.

దుప్పటి సరే, గొడుగు మరీ ముఖ్యం. పొడిగా ఉన్న మోనార్క్‌లలో సగం చనిపోవాలంటే ఉష్ణోగ్రత సుమారు మైనస్ 8 డిగ్రీలకు పడిపోవాలి. తడిస్తే మైనస్ 4 చాలు. ఒంటి మీది నీరు ముందు గడ్డకట్టి, లోపలి ద్రవాలూ గడ్డకట్టేందుకు బీజం వేస్తుంది. అమెరికా శాస్త్రవేత్త లింకన్ బ్రోవర్ బృందం ఈ సంగతిని ప్రయోగాలతో తేల్చింది. 2002 జనవరిలో అడవే దీన్ని చూపించింది. వాన కురిసింది, ఆకాశం తేటపడింది, వెంటనే చలి విరుచుకుపడింది. ఎల్ రొసారియో, సియెర్రా చింకువా విడిదిల్లో అధిక భాగం చచ్చి నేల మీద కుప్పలుగా పడ్డాయి. దొంగతనంగా నరికిన ప్రతి చెట్టూ ఆ కప్పులో ఒక చిల్లే.

ఇన్ని ప్రాణులను లెక్కపెట్టడం ఎలా? లెక్కపెట్టరు. ఏటా చలికాలంలో బృందాలు అడవిలో తిరిగి, మోనార్క్‌లు వాలిన చెట్ల చుట్టూ హద్దు గీసి విస్తీర్ణం కొలుస్తాయి. 1996-97లో అది 18 హెక్టార్లకు పైమాటే. 2013-14లో 0.67, 2023-24లో 0.90, మరుసటి ఏడాది 1.79. ఒక్క ఏడాది రెట్టింపయిందని సంబరపడడం తొందరపాటే. తగ్గుదలకు అడవి నరికివేత ఒక్కటే కారణమూ కాదు. వీటి గొంగళిపురుగులు తినే మిల్క్‌వీడ్ మన జిల్లేడు కుటుంబానిదే. అమెరికా పొలాల్లో కలుపు మందులకు అది పెద్ద ఎత్తున మాయమైంది. అన్నట్టు, మన జిల్లేడు మీద పెరిగే ప్లెయిన్ టైగర్ మోనార్క్‌కు దగ్గరి చుట్టమే.

చూడవచ్చిన వారిని గట్టిగా మాట్లాడొద్దని, గుత్తుల దగ్గరికి పోవద్దని చెప్పేదీ ఆ కొవ్వు లెక్కతోనే. బెదిరి ఎగిరితే దాచుకున్నది ఖర్చవుతుంది. చలికి రెక్కల కండరాలు బిగుసుకుని నేల మీద పడిపోతే రాత్రి మంచుకో, ఎలుకకో బలి.

వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ ఓయమెల్‌కు అనువైన చల్లదనం కొండ పైపైకి జరుగుతోంది. ఈ చెట్లకేమో పైన శిఖరం తప్ప చోటు లేదు. అందుకే క్వావ్‌తెమోక్ సాయెంజ్-రొమేరో బృందం ఇంకా ఎత్తయిన నెవాడో దె తొలూకా అగ్నిపర్వతం వాలుల మీద ఓయమెల్ మొక్కలు నాటి చూస్తోంది. అవి గొడుగులా ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. లేత మొక్కలు నేరుగా ఎండకూ మంచుకూ తట్టుకోలేవు కనుక, ప్రస్తుతానికి వాటిని అక్కడి పొదల నీడలో నాటారు.