వార్తల్లో పదం: ఎఫ్‌సీఆర్‌ఏ

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఇది. 1976లో వచ్చింది, 2010లో కొత్తగా రాశారు. ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. లేకపోతే ముందస్తు అనుమతి లేకుండా బయటి దేశం సొమ్ము రూపాయి కూడా తీసుకోకూడదు.

స్వచ్ఛంద సంస్థలకు అసలు దెబ్బ 2020 సవరణతో తగిలింది. పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి దిగింది. విదేశీ సొమ్ము మొదట ఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోనే పడాలి. పెద్ద సంస్థ తన విదేశీ నిధిలోంచి చిన్న సంస్థకు ఇవ్వడం నిషేధం. తిరుపతి జిల్లా ఏర్పేడు లాంటి మండలంలో ఇద్దరు ముగ్గురితో నడిచే సంఘానికి ఈ చివరిదే గొంతు మీద కత్తి. విదేశీ దాత ఎక్కడ, వాళ్లెక్కడ? 2022లో సుప్రీంకోర్టు ఈ సవరణను చాలావరకు సమర్థించింది.

1969 నుంచి అనంతపురంలో పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ)కు 2025లో పునరుద్ధరణ చిక్కు వచ్చినప్పుడు జనం రోడ్డెక్కారు.

మరి విదేశీ సొమ్ముకు ప్రత్యామ్నాయం? ఏర్పేడు పక్కనే, రేణిగుంట మండలం కరకంబాడిలో రాష్ట్రీయ సేవా సమితి ('రాస్') కృషి విజ్ఞాన కేంద్రాన్ని భారత వ్యవసాయ పరిశోధన మండలి డబ్బుతో నడుపుతోంది. మంచి పనే. కానీ సర్కారు సొమ్ము తీసుకున్నవాళ్లు సర్కారును ప్రశ్నించడం తేలిక కాదు. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధులదీ (లాభంలో 2 శాతం) అదే తీరు: బడికి బెంచీలిస్తారు, భూసేకరణపై మాట్లాడే సంఘానికి ఇవ్వరు.

నోరు కట్టేయని డబ్బు ఊళ్లోంచే రావాలి. ఆర్డీటీ కూడా పల్లెల్లో హుండీలు పెట్టించింది. మీ ఊరి సంఘానికి నెలకు వంద రూపాయలివ్వండి, రసీదు అడగండి.